పెరటి కోళ్లు: 2024 ఉగాది నుంచి 2025 ఉగాది వరకు మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

వీలున్న ప్రతి ఇంట్లో నాలుగైదు కోళ్లయినా ఉండాలని కిందటి ఉగాది సమావేశంలో తీర్మానం చేసుకున్నాం. ఇప్పుడు ఇరవై రెండు ఇళ్ల పెరళ్లలో కోళ్లు తిరుగుతున్నాయి. చందాలు, కోడిపిల్లలు, కర్రలు, ఇనప వల, కూలీ ఖర్చులన్నీ లెక్కల పుస్తకంలో రాశాం. సంఘం గదికి వచ్చి ఎవరైనా చూసుకోవచ్చు. నేను వివరంగా చెప్పాలనుకున్నది ఒక్క సంగతే, కోడి రాత్రి ఎక్కడ పడుకుంటుందన్నది. ఈ ఏడాది మనకు జరిగిన నష్టమూ, తర్వాత కలిసొచ్చిందీ రెండూ అక్కడే మొదలయ్యాయి.

గుడ్లు ఎక్కువ కావాలన్న వాళ్లకు గ్రామప్రియ, గుడ్లూ మాంసమూ కావాలన్న వాళ్లకు వనరాజా పిల్లలు తెప్పించాం. రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకాలే. పిల్లల ఎంపికలో పొరపాటు జరగలేదు. గూళ్ల దగ్గరే జరిగింది. తేలిగ్గా కడగొచ్చని దండేనికి, అంటే కోళ్లు రాత్రి ఎక్కి పడుకునే అడ్డకర్రకు, ప్లాస్టిక్ పైపు వేయించాం. గుడ్ల పెట్టెలేమో దానికంటే ఎత్తులో బిగించాం.

శ్రావణంలో ఒక సాయంత్రం మూడో వీధిలో ఆగి చూశాను. ఆరు పెట్టలు గూడు చుట్టూ తిరుగుతున్నాయి. ఒకటి మెడ చాచి గుమ్మంలోకి చూసి, వెనక్కి వచ్చేసింది. బయట ఇంకా వెలుతురుంది, గూట్లో మాత్రం కటిక చీకటి. కాసేపటికి నాలుగు పెట్టలు జామచెట్టెక్కేశాయి. మిగిలిన రెండూ లోపలికి వెళ్లి, పైపు మీద కాళ్లు జారి, చివరికి గుడ్ల పెట్టెలో ముడుచుకున్నాయి. తెల్లారి చూస్తే గుడ్ల నిండా రెట్ట. ఆ వారంలోనే మానుపిల్లి చెట్టు మీంచి రెండు పెట్టల్ని పట్టుకుపోయింది. ఆ ఇంటి అత్తయ్యగారు పొద్దున్నే ఈకలు ఏరుతూ "నా చేతిలో నూకలు తిన్న కోళ్లమ్మా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. గూళ్లన్నీ విప్పి మళ్లీ కట్టాలని ఆ రోజే కమిటీ నిర్ణయించింది.

కోడి పడుకునే ముందు ఉన్నవాటిలో ఎత్తైన చోటు వెతుక్కుంటుంది. ఆ ఎత్తైన చోటు దండెమే కావాలి. అందుకని గుడ్ల పెట్టెల్ని నేలకు జానెడు ఎత్తుకు దించాం. దండేలను గ్రామప్రియకు రెండున్నర అడుగుల ఎత్తులో, బరువైన వనరాజాకు అడుగున్నర ఎత్తులో కట్టాం. బరువు కోడి రోజూ ఎత్తు నుంచి దూకితే కాళ్లూ రొమ్ము ఎముకా దెబ్బతింటాయి. పైపులు తీసేసి రెండంగుళాల మందం సరుగుడు కర్రలు వేశాం. గరుకుగా ఉంటే పట్టు దొరుకుతుంది, అయితే కణుపులు మాత్రం చెక్కి నున్నగా చేయాలి. ఒక్కో కోడికి జానెడు చోటు, గోడకీ కర్రకీ మధ్య మూరెడు ఎడం. రెండు కర్రలుంటే నిచ్చెన మెట్లలా కొంచెం ముందూ వెనకా కట్టాలి. ఒకదాని కింద ఒకటి కడితే పై కోళ్ల రెట్ట కింద కోళ్ల వీపున పడుతుంది. పడమటి గోడకు వల బిగించిన చిన్న కిటికీ పెట్టించాం. పొద్దువాలే వేళ ఆ వెలుతురు గూట్లో పడుతుంటే కోళ్లు జంకకుండా లోపలికి వెళ్తున్నాయి. ఈ చిన్న మార్పు అన్నిటికంటే బాగా పనిచేసిందని నా నమ్మకం.

చెట్టుకు అలవాటుపడ్డ కోళ్లను మళ్లించడానికి ఓపిక కావాల్సి వచ్చింది. వారం రోజులు వాటిని గూట్లోనే ఉంచి మేత, నీళ్లు అక్కడే పెట్టాం. మూల నక్కినవాటినీ, పెట్టెలో దూరినవాటినీ చీకటి పడ్డాక చేత్తో ఎత్తి దండెం మీద కూర్చోబెట్టాం. చీకట్లో కోడికి చూపు ఆనదు కాబట్టి పెట్టినచోటే ఉండిపోతుంది. ఐదారు రాత్రులకు చాలావరకు దారిలో పడ్డాయి. ఒక మొండి పెట్ట కోసం మాత్రం నాలుగో వీధి పిల్లలు మూడు వారాలు రోజూ నిచ్చెన ఎక్కారు. వాళ్లకు సంఘం తరఫున ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

దండెం అలవాటయ్యాక మిగతా పనులూ తేలికయ్యాయి. కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లో టీకా చుక్క వేయించినా, కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి) రాకుండా ఎనిమిదో వారంలో టీకా సూది తప్పదు. పగలైతే ఒక్కో కోడి వెనక ఊరంతా పరిగెత్తాలి. రాత్రి టార్చిలైటు వెలుగులో దండెం మీంచి ఒక్కొక్కటీ దించి, ఒక్క పూటలో వీధి మొత్తం పూర్తిచేశాం. అదే టార్చితో కర్ర చివర్లు కూడా చూడండి. పగలు సందుల్లో దాక్కుని రాత్రిళ్లు నెత్తురు పీల్చే ఎర్రపురుగులు అక్కడే చేరతాయి. రెండిళ్లలో కనిపిస్తే కర్రలు ఊడదీసి, సలసలా కాగే నీళ్లు పోసి, ఎండబెట్టి, వేపనూనె రాశాం. దండెం కింద పరిచిన ఊకలో రాత్రి రెట్టంతా ఒకేచోట పడుతోంది. దాన్ని పచ్చిగా మొక్కలకు వేయకండి, వేళ్లు మాడిపోతాయి. బాగా మాగబెట్టాకే వాడండి.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిందని తెలిసినప్పుడు అందరం చాలా టెన్షన్ పడ్డాం. కోళ్లను బయటికి వదలొద్దని పశువైద్యులు చెప్పారు. అప్పటికే అవి గూటికి అలవాటుపడి ఉన్నాయి కాబట్టి ఆ సాయంత్రం తలుపులు మూస్తే సరిపోయింది. శ్రావణంలోలా చెట్ల మీదే పడుకుంటూ ఉండి ఉంటే ఏం చేసేవాళ్లమో తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడే.

వచ్చే ఏడాది మరో పది ఇళ్లవాళ్లు కోళ్లు కావాలని పేర్లిచ్చారు. గూడు కట్టి, దండెం బిగించి, కమిటీవాళ్లకు చూపించాకే పిల్లల్ని ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది. సరుగుడు కర్రలు సంఘం గది వెనక పేర్చి ఉన్నాయి. కొలతలు తెచ్చుకుంటే కోయించి ఇస్తాం.

ఇట్లు,
కార్యదర్శి