ముప్పై ఆరు బత్తాయిలు

నల్లగొండ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ దోస్తూ,

మొన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. "అన్ని లెక్కలూ వస్తున్నయిరా, ఈ డేటా సఫిషియెన్సీ దగ్గరికి రాంగనే చేయి ఆగిపోతుంది, అందులో కారణాంకాలు, భాజనీయత వస్తే ఇంకంతే" అన్నావు. ఫోన్‌లో చెబితే తేలే సంగతి కాదని కూర్చొని రాస్తున్నా. పెన్నూ కాగితం పక్కన పెట్టుకొని చదువు.

చిన్నప్పటి నుంచి మనకు అలవాటైంది జవాబు కనుక్కోవడం. ఇక్కడ అడిగేది అది కాదు. పైన ఒక ప్రశ్న, కింద రెండు వాక్యాలు. వాటితో, విడివిడిగా గానీ రెండూ కలిపి గానీ, జవాబు ఒక్కటంటే ఒక్కటే తేలుతుందా లేదా, అంతవరకే చూడాలి. తేలుతుందని తెలిసిన క్షణం పెన్ను పక్కన పెట్టెయ్. చివరిదాకా లెక్క చేస్తూ కూర్చుంటే టైం పోతుంది, టెన్షన్ పెరుగుతుంది, బ్యాంకు పరీక్షలో తప్పు జవాబుకు పావు మార్కు కోత కూడా.

పోయిన నెల మాక్ టెస్టులో నాకు పోయిన లెక్క చెబుతా. n అనే సంఖ్యను 24తో భాగిస్తే శేషం సున్నా వస్తుందా? ఒకటో వాక్యం: n ను 4 నిశ్శేషంగా భాగిస్తుంది. రెండోది: n ను 6 నిశ్శేషంగా భాగిస్తుంది. నాలుగార్లు ఇరవై నాలుగు కదా అని 'రెండూ కలిపితే చాలు' అని పెట్టాను. తప్పు. ఎందుకు తప్పో కీ చూస్తే అర్థమైంది కానీ మనసుకు పట్టలేదు.

పట్టింది మొన్న శనివారం, మా బత్తాయి తోటలో. చెట్ల కింద రాలిన కాయలు ఏరి పట్టా మీద పోశాం. మా అక్క కొడుకు, మూడో తరగతి, లెక్కపెడితే ముప్పై ఆరున్నాయి. నాలుగేసి కుప్పలు పెట్టరా అన్నా. తొమ్మిది కుప్పలు, ఒక్క కాయ మిగల్లేదు. మళ్లీ కలిపేసి ఆరేసి పెట్టమన్నా. ఆరు కుప్పలు, అప్పుడూ ఏం మిగల్లేదు. ఇప్పుడు ఇరవై నాలుగు కాయలు ఒక్క కుప్ప పొయ్యి అన్నా. పోశాడు. మిగిలిన కాయలు లెక్కపెట్టుకొని, "ఇవి పన్నెండే ఉన్నయి మామా, ఇంకో కుప్ప కాదు" అన్నాడు. ఆ మట్టి చేతులు, ఆ పన్నెండు కాయలు ఇంకా నా కళ్ల ముందే ఉన్నాయి.

సంగతేంటంటే, 4లో రెండు రెళ్లున్నాయి. 6లో ఒక రెండు, ఒక మూడు. 6లోని ఆ రెండు కొత్తది కానక్కర్లేదు, 4లో ఉన్న రెళ్లలోదే కావచ్చు. కాబట్టి n లో కచ్చితంగా ఉన్నవి రెండు రెళ్లు, ఒక మూడు. అంటే 12. 4కు, 6కు క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) అదే. గుణించి 24 అనడానికి లేదు. అదే 8, 3 ఇచ్చి ఉంటే వాటికి ఉమ్మడి కారణాంకం 1 తప్ప లేదు గనక 24 ధైర్యంగా అనొచ్చు.

అందుకే వాక్యం చూడగానే దాన్ని పడగొట్టే రెండు సంఖ్యలు వెతుకు. ఒకటి 'అవును' అనాలి, ఒకటి 'కాదు' అనాలి. ఇందాకటి దానికి 24, 36 చాలు. ఆ రెండూ దొరికాయంటే సమాచారం చాలదు, ఇక ఆలోచించకు. వెతికేటప్పుడు సున్నాను, రుణ సంఖ్యలను మరిచిపోకు, ప్రశ్నలో 'ధన పూర్ణసంఖ్య' అని ఉందో లేదో ముందే చూడు.

వర్గాలొస్తే నువ్వు భయపడతావని తెలుసు. n పూర్ణసంఖ్య, n² ను 72 నిశ్శేషంగా భాగిస్తుంది, మరి n ను 12 భాగిస్తుందా? 72ను విడగొట్టు: మూడు రెళ్లు, రెండు మూళ్లు. వర్గంలో ప్రధాన సంఖ్యలు ఎప్పుడూ జంటలుగానే ఉంటాయి. మూడు రెళ్లు కనబడుతున్నాయంటే నాలుగోది ఉండి తీరాలి. సగం చేస్తే n లో రెండు రెళ్లు, ఒక మూడు. చాలు! 72 బదులు 12 ఇస్తే మాత్రం చాలదు, n = 6 పడగొడుతుంది.

ఇంకోటి, 'కాదు' అన్నది కూడా జవాబేరా. n ప్రధాన సంఖ్యా అని అడిగి, n 4 గుణిజం అని ఇస్తే, కచ్చితంగా కాదు. కచ్చితం కాబట్టి సమాచారం సరిపోయినట్టే. నువ్వు దీన్ని 'చాలదు'లో వేస్తున్నావేమోనని నా అనుమానం.

ప్రాక్టీసులో రెండో వాక్యాన్ని అరచేత్తో మూసెయ్. n కు సరిగ్గా మూడు కారణాంకాలున్నాయి, n ఎంత? 4, 9, 25, 49... ప్రధాన సంఖ్యల వర్గాలన్నీ సరిపోతాయి, తేలదు. ఇప్పుడు దాన్ని మూసి రెండోది చూడు: n 30కి, 60కి మధ్య ఉంది. అదొక్కటీ చాలదు. రెండూ కలిపితే 49 ఒక్కటే.

మధ్యలో ఒక ముచ్చట. మా పిన్‌కోడ్ మొదటి మూడంకెలు 508, మీ పాలమూరుది 509. దాన్ని రెండుసార్లు రాస్తే 508508, 509509. రెంటినీ 7, 11, 13 మూడూ భాగిస్తాయి! ఏ మూడంకెల సంఖ్యను అలా రాసినా అంతే, దాన్ని 1001తో గుణించినట్టే కదా, 1001 అంటే 7 × 11 × 13. చేసి చూడు, ఎంత సంతోషంగా ఉంటుందో.

అమ్మను అడిగినట్టు చెప్పు. వచ్చే వారం మా బాపు జడ్చర్లకు వస్తున్నాడు, బత్తాయిలు పంపిస్తా. ఈలోపు ఇదొకటి చెయ్: p ప్రధాన సంఖ్య, p ఎంత? ఒకటో వాక్యం: p + 1 కూడా ప్రధాన సంఖ్యే. రెండోది: p సరిసంఖ్య. p ఎంతో నాకు రాయకు. ఏ ఆప్షన్ పెట్టావో, ఎందుకు పెట్టావో రాయి.

నీ
దోస్త్