రన్నింగ్ వెస్టుకు లూజు కలపకూడదు

సంపాదకులకు నమస్కారం.

తెల్లవారుజామున కృష్ణా కరకట్ట మీదా, బందరు రోడ్డులోని ఇందిరాగాంధీ స్టేడియం చుట్టుపక్కలా పరుగు తీసేవారిలో, నీళ్ల సీసాలూ సెల్‌ఫోనూ పెట్టుకుని ఛాతీకి బిగించుకునే రన్నింగ్ వెస్టులు వేసుకున్నవారు ఇటీవల ఎక్కువగా కనిపిస్తున్నారు. వాటి పక్కలు బిగుతు చేయమని, పట్టీలు కత్తిరించి మళ్లీ కుట్టమని కొందరు గవర్నరుపేటలోని మా టైలరింగు షాపుకు తెస్తున్నారు. చాలా వెస్టులకు నా కత్తెరతో పనే ఉండదు. తప్పు సైజు దగ్గరో, పట్టీలు సర్దుకోవడం దగ్గరో జరిగి ఉంటుంది.

టీషర్టు ఎల్ సైజు కనుక వెస్టూ ఎల్ తీసుకున్నామని చెబుతారు. చొక్కాకైతే ఛాతీ కొలత మీద మేము నాలుగైదు అంగుళాలు లూజు కలుపుతాం. వెస్టుకు ఆ లూజే శత్రువు, ఎందుకంటే అది ఒంటిని అంటిపెట్టుకుని ఒంటితోపాటే కదలాలి. పరుగుకు వేసుకునే చొక్కా మీదనే, చేతులు కిందికి వదిలి, చంకల కింద ఛాతీ బాగా నిండుగా ఉన్నచోట టేపు చుట్టి, వీపు వైపు టేపు జారకుండా మరొకరి చేత చూపించుకుని, ఆ అంకెను తయారీదారు ఇచ్చిన సైజుల పట్టికతో పోల్చుకోవాలి. కొలత రెండు సైజుల మధ్య పడితే నేను చిన్నదే ముందు వేసి చూడమంటాను. నిండా ఊపిరి పీల్చినప్పుడు అడ్డు తగిలితే మాత్రం పెద్దదే కొనాలి. ఆడవారు పరుగుకు వాడే లోదుస్తులతోనే కొలుచుకోవాలి. ముందు జేబుల్లోని సీసాలు రొమ్మును నొక్కకుండా పక్కకో కిందికో ఉండేలా వారికోసం కుట్టిన రకాలు వేరుగా దొరుకుతాయి.

ఖాళీ వెస్టు ఎవరికైనా బాగానే అమరుతుంది. అరలీటరు సీసాలు రెండు నింపితే కిలో బరువు ముందుకు వేలాడుతుంది, అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది. మన ఊరి క్రీడాసామగ్రి దుకాణదారులు ఒక కొలత టేపు, నీళ్లు నింపిన సీసాలు రెండు అందుబాటులో ఉంచి, కొనేవారిని అక్కడే నాలుగు గెంతులు వేయనిస్తే ఇరువైపులా శ్రమ తప్పుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు ట్యాగు తీయకముందే ఇంట్లో ఈ పని చేసి చూసుకోవచ్చు.

సర్దుకోవడానికీ ఒక వరుస ఉంది. పట్టీలన్నీ వదులు చేసి, జేబులు నింపి, వెస్టు తొడుక్కుని, మొదట పక్క పట్టీలు లాగి పక్కటెముకలకు ఆనించుకోవాలి. ఛాతీ మీది క్లిప్పులు ఆ తరువాతే. చాలా రకాల్లో ఈ క్లిప్పులు పైకీ కిందికీ జరుగుతాయి. పైదాన్ని గొంతు దగ్గరికి తేకూడదు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, ఊపిరి నిండా ఆడాలి. మిగిలిన పట్టీ కొస మెడకు కొట్టుకోకుండా లోపలికి దోపుకోవాలి. వీపున నీళ్ల సంచి ఉంటే దాన్ని తలకిందులు చేసి గొట్టం ద్వారా గాలి పీల్చేస్తే నీరు తొణకదు. బరువైనవి వీపు పైభాగాన ఉండాలి. నీళ్లు తాగేకొద్దీ వెస్టు వదులవుతుంది కాబట్టి దారిలో పక్క పట్టీలను మళ్లీ లాగుకోవాలి, చాలామంది మరిచేది దీన్నే.

మన ఉక్కపోతలో చెమట ఆరదు; తడిసిన అంచు చంకలోనూ, మెడ కింది ఎముక మీదా ఒరుసుకుంటుంది. కొత్త వెస్టును పోటీ రోజునే తొడిగే బదులు వాహనాల రద్దీ మొదలుకాకముందే ప్రకాశం బ్యారేజీ మీద సీతానగరం వైపు వెళ్లి తిరిగి రావచ్చు. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. రానూపోనూ రెండున్నర కిలోమీటర్ల లోపే ఎక్కడ రాసుకుంటోందో తెలిసిపోతుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో చేత్తో ఉతికి నీడన ఆరేయాలి, లేకపోతే చెమట ఉప్పు పేరుకుని అంచులు గరుకెక్కుతాయి.

చంక అంచును కత్తిరించి కుట్టమంటే నేను ఒప్పుకోకపోవడానికి కారణం కూడా ఇదే: రాపిడి తగిలే చోటే కొత్త కుట్టు బిరుసుగా పైకి లేచి ఒంటికి ఒరుసుకుంటుంది. పట్టీ కొస పోగులు విడిపోతే మాత్రం మడిచి కుట్టించుకోవచ్చు, అది ఏ టైలరైనా కాసేపట్లో చేసిపెట్టే పని.

భవదీయుడు,
ఒక టైలరు, గవర్నరుపేట, విజయవాడ