కుమార పర్వతం ట్రిప్ డిసెంబరుకు మార్చాం

మా షాపు తరఫున సెప్టెంబరులో అనుకున్న, కర్ణాటకలోని కుమార పర్వతం కొండ ఎక్కే ట్రిప్‌ను డిసెంబరుకు మార్చాం. కొండ కింద ఉన్న కుక్కే సుబ్రహ్మణ్య క్షేత్రంలో చంపా షష్ఠి పండుగ రద్దీ తగ్గాక బయలుదేరుతాం. ఎందుకు మార్చామో మీకు వివరంగా చెప్పాలి.

సర్ప సంస్కార పూజకు కుక్కే సుబ్రహ్మణ్యం వెళ్ళొచ్చినవాళ్ళు ఆ కొండల వరుసను చూసే ఉంటారు. శిఖరం ఎత్తు 1,712 మీటర్లు, పుష్పగిరి అభయారణ్యంలో ఉంది. కుక్కే వైపు నుంచి రానూపోనూ ఇరవై కిలోమీటర్లు దాటుతుంది. ముందు దట్టమైన అడవి, తర్వాత నీడే లేని గడ్డికొండలు, దారిలో వచ్చే శేష పర్వతం అనే కొండ దాటాక మళ్ళీ అడవి, నున్నటి రాతిబండ.

మన అనంతపురం వాళ్ళకు ఎండ అలవాటే. తడి అలవాటు లేదు. మన జిల్లాలో ఏడాదంతా కలిపి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆ పడమటి కనుమల్లో ఒక్క జూలైలోనే అంతకంటే ఎక్కువ కురుస్తుంది. వానలు పూర్తిగా ఆగేదాకా దారంతా జలగలే, ఆ బండ మీద కాలు నిలవదు. చిన్నపిల్లలతో వస్తామన్న కుటుంబాలు కూడా ఉన్నాయి. వాళ్ళను ఆ బండ ఎక్కించడానికి నాకు ధైర్యం చాలదు.

టెంట్ల అద్దె కూడా పెరుగుతోంది. ఒక పొర టెంట్లు తీసేసి, పైన వానకవరు విడిగా ఉండే రెండు పొరల టెంట్లు తెప్పిస్తున్నాం. చలి రాత్రి మన ఊపిరిలోని తేమే ఒక పొర టెంటు లోపలివైపు నీళ్ళై కారి, తెల్లారేసరికి దుప్పట్లు తడుస్తాయి. రెండు పొరలుంటే ఆ నీళ్ళు బయటి పొరకే అంటుకుంటాయి. కింద పరిచే ఫోమ్ మ్యాట్ మాత్రం వద్దనకండి, మన ఒంటి వేడిని గాలి కంటే నేలే ఎక్కువ లాగేస్తుంది. దానికి అద్దె తీసుకోను. టెంట్లు అటవీ శాఖ ఒప్పుకున్న చోటే వేస్తాం. శిఖరం మీద వేద్దామని దయచేసి అడగొద్దు.

జీన్స్ వద్దు. తడిస్తే బరువెక్కుతాయి, రోజంతా ఆరవు.

నడక అలవాటు లేనివాళ్ళకు నా సలహా గుత్తి కోట. వచ్చే నెల నుంచి ఆదివారాలు తెల్లవారుజామునే వెళ్దాం. షాపులో బ్యాగు ఉచితంగా ఇస్తాను, ఎనిమిది కిలోల బరువు పెట్టుకుని పైదాకా ఎక్కి దిగండి. దిగేటప్పుడు మోకాళ్ళు ఎలా ఉన్నాయో చూసుకోండి. కుమార పర్వతం మీద అసలు కష్టమంతా దిగడంలోనే ఉంది.

తిండికి ప్యాకెట్ నూడుల్స్ కంటే మన ఎండు జొన్నరొట్టె, శెనక్కాయల పొడి, బెల్లం నయం. పొయ్యి అక్కర్లేదు, రెండు రోజులైనా చెడవు, బరువూ తక్కువే. పైదారిలో నీళ్ళు దొరుకుతాయనే నమ్మకం పెట్టుకోకుండా మనిషికి మూడు లీటర్లు మోయాలి. ప్లాస్టిక్ సీసా ఏదీ అడవిలో వదలకూడదు, లెక్కపెట్టి తీసుకెళ్ళి లెక్కపెట్టి తెస్తాం.

అడ్వాన్సు కట్టి డిసెంబరులో రాలేనివాళ్ళు ఈ నెలాఖరులోపు షాపుకు రండి, పూర్తి డబ్బు ఇచ్చేస్తాను. వచ్చేవాళ్ళు ఆధార్ కాపీ ఇప్పుడే ఇవ్వండి, అటవీ శాఖ బుకింగ్‌లో రోజుకు ఇంతమందికే అని పరిమితి ఉంటుంది. మోకాలి నొప్పి, ఆయాసం, బీపీ ఉంటే దాచకుండా చెప్పండి. మీకు శేష పర్వతం దాకా వెళ్ళి తిరిగొచ్చేలా వేరే ఏర్పాటు చేస్తాను.