ఎండాకాలంలో వచ్చిన సంక్రాంతి

మెల్‌బోర్న్,
2025 జనవరి 19

ఒరేయ్ బావా,

మన కోనసీమ ప్రభల తీర్థం వీడియోలు అందాయి. జగ్గన్నతోటకు వెదురుతో కట్టిన ఆ ఎత్తైన ప్రభ కౌశిక ఏరు దాటుతున్నప్పటి ఆ "అశ్శరభ శరభ" కేకలు హాల్లో సౌండు మొత్తం పెంచి విన్నాం. చిన్నది భయపడి వాళ్ళమ్మ చంకెక్కింది. పెద్దాడు మాత్రం మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు. ఫోన్లో మాట్లాడదామంటే వీళ్ళిద్దరూ మధ్యలో లాక్కుంటారు, అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను.

అక్కడ క్రిస్మస్, సంక్రాంతి ఎలా జరుగుతాయిరా అని అడిగావు కదా. ముందు ఎండ సంగతి చెప్పాలి. డిసెంబరు, జనవరి ఇక్కడ నడి వేసవి. క్రిస్మస్ ముందు బడులు మూసేస్తారు, మళ్ళీ తెరిచేది జనవరి చివర్లోనే. మనకు ఏప్రిల్, మే ఎలాగో వీళ్ళకు ఈ నెలలు అలాగ. అయినా షాపుల అద్దాల మీద తెల్ల స్ప్రేతో మంచు వేస్తారు, శాంటా ఉన్ని బట్టలే వేసుకుని కూర్చుంటాడు. మొన్న డిసెంబరు 26న ఎండ 40 దాకా పోతుందని ముందే హెచ్చరించారు. రాష్ట్రమంతా ఆరుబయట మంట వేయకూడదని నిషేధం పెట్టారు. అప్పటికే పదిరోజులుగా పడమట గ్రాంపియన్స్ కొండల్లో అడవి తగలబడుతోంది, పిడుగు పడి అంటుకున్నదట. ఇక్కడి పల్లెల్లో మంటలార్పేవాళ్ళలో చాలామంది జీతం లేని వాలంటీర్లురా. పండగపూట ఇంట్లో భోజనం వదిలేసి పొగలోకి వెళ్ళారు. వాళ్ళను టీవీలో చూస్తుంటే నాకు నోట మాట రాలేదు.

ఇలాంటప్పుడు మీ ఇంటి క్రిస్మస్ ఎంత గుర్తొస్తుందో తెలుసా? వెదురు బద్దలతో మీ నాన్నగారు కట్టే నక్షత్రం, దాన్ని గెడకు ఎత్తి కట్టడానికి మనం పడే హడావిడి, మఫ్లర్లు చుట్టుకుని అర్ధరాత్రి దాకా వీధివీధీ తిరిగి పాడటం. మీ అమ్మగారు వేసే గులాబీ పువ్వుల కోసం నేను మీ వంటింటి గుమ్మం దగ్గరే కాపలా ఉండేవాణ్ణి. మీ క్రిస్మస్‌కి నేను, మా భోగికి నువ్వు. మన ఇళ్ళల్లో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. ఆ పెంపకానికి నేను ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఇక్కడ ఆ పాటల కార్యక్రమం పార్కుల్లో జరుగుతుంది. దానికో మంచి కథ ఉంది. నార్మన్ బ్యాంక్స్ అని ఒక రేడియో అనౌన్సరు ఉండేవాడు. క్రిస్మస్ ముందు రాత్రి పని ముగించుకుని ఇంటికి నడిచి వెళ్తుంటే, ఓ కిటికీలో ఒంటరి ముసలావిడ కొవ్వొత్తి వెలుగులో రేడియోతో పాటు పాడుకుంటూ కనిపించిందట. ఒంటరివాళ్ళందర్నీ ఒకచోట చేరిస్తే బాగుంటుందనుకుని, 1938లో ఊరి మధ్య తోటలో మొదలుపెట్టాడు. ఇప్పుడు ఏటా డిసెంబరు 24న సిడ్నీ మయర్ మ్యూజిక్ బౌల్ అనే ఆరుబయలు వేదిక దగ్గర జరుగుతుంది, దేశమంతా టీవీలో చూస్తుంది. మా పేట పార్కులోనూ చిన్నది పెట్టారు. రాత్రి ఎనిమిదిన్నర దాటితే గానీ పొద్దు గూకదు కాబట్టి, జనం దుప్పట్లు పరుచుకుని, తెచ్చుకున్నవి తింటూ చీకటి కోసం ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపే నాకు అన్నిటికన్నా నచ్చింది.

క్రిస్మస్ మధ్యాహ్నం పక్కింటి పెద్దాయన, ఆయన భార్య మమ్మల్ని భోజనానికి పిలిచారు. రొయ్యలురా బావా! పెద్ద పళ్ళెం నిండా ఐసు పోసి, దాని మీద ఉడికించి చల్లార్చిన రొయ్యలు. ఎవరిది వాళ్ళు ఒలుచుకుని, నిమ్మకాయ పిండుకుని తినడమే. మన గోదావరివాళ్ళకి చల్లటి రొయ్య మింగుడుపడేది కాదు, కానీ ఆ ఎండలో భలే ఉంది. మా ఆవిడ తీసుకెళ్ళిన రొయ్యల వేపుడుకి వాళ్ళూ మంచినీళ్ళు తాగుతూనే రెండోసారి వడ్డించుకున్నారు. తర్వాత పావ్‌లోవా పెట్టారు. గుడ్డు తెల్లసొన, పంచదార గిలకొట్టి కాల్చి, మీద మీగడ, పళ్ళముక్కలు పరుస్తారు. 1926లో ఇక్కడికి వచ్చిన రష్యన్ నర్తకి అన్నా పావ్‌లోవా పేరు దానికి పెట్టారు. మేమే కనిపెట్టాం అంటే మేమే అని వీళ్ళకూ న్యూజిలాండ్ వాళ్ళకూ ఇప్పటికీ తగువే.

ఆ పెద్దాయన చెప్పిన మాట ఒకటి నాలో ఉండిపోయింది. ఆయన చిన్నప్పుడు, ఇంగ్లండులో ఎలా చేస్తే ఇక్కడా అలాగే చేయాలని, వాళ్ళమ్మ ఈ ఎండల్లో పొయ్యి దగ్గర నిలబడి టర్కీ కోడిని కాల్చేదట, గంటలకొద్దీ పుడ్డింగ్ ఉడికించేదట. వడ్డించేసరికి ఆవిడకు తినే ఓపిక ఉండేది కాదట. "మా అమ్మ చనిపోయాకే మేం మానేశాం. ఇంకా ముందే మానేసి ఉంటే ఆమె కూడా మాతో కూర్చునేది" అన్నాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడా నేనూ సంక్రాంతి గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ సంగతికి వస్తాను, ఈలోగా క్రికెటర్ నితీశ్ కుమార్ రెడ్డి గురించి చెప్పకపోతే నువ్వు ఊరుకోవు!

డిసెంబరు 28న ఆస్ట్రేలియాతో మన టెస్టు చూస్తూ నేను ఎంసీజీలోనే, అదే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండులోనే ఉన్నాను. మన విశాఖ కుర్రాడు 99 మీద అటు చివర, బుమ్రా సున్నాకే వెళ్ళిపోయాడు, ఆఖరివాడు సిరాజ్ వచ్చాడు. కమిన్స్ వేసిన మూడు బంతులు మన హైదరాబాద్ సిరాజ్ కాచుకున్నంతసేపూ స్టేడియంలో ఎవరూ ఊపిరి తీసుకోలేదనుకుంటా. తర్వాత బోలాండ్ బంతిని మిడాన్ మీదుగా ఫోరు కొట్టి సెంచరీ. కొడుకు కోసం ఉద్యోగం వదులుకున్న ఆ తండ్రి స్టాండ్స్‌లో ఏడుస్తుంటే, మా వరుసలో తెలుగువాళ్ళమంతా ఏడ్చాం. మ్యాచ్ ఓడిపోయాం, అది వేరే సంగతి. ముక్కూమొహం తెలియని ఏలూరాయన నన్ను కౌగిలించుకున్నాడు. ఆ రోజే నాకు సంక్రాంతి సగం వచ్చేసింది.

ఇక అసలు సంక్రాంతి. భోగి సోమవారం పడింది, సెలవు లేదు. ఏటా మా నాలుగైదు కుటుంబాల మధ్య ఇదే చర్చ. తెల్లారుజామున ఐదింటికే లేవాలి, మంట వేయలేం కాబట్టి టీవీలో మంట వీడియో పెట్టుకుందాం అని కొందరంటారు. ఈసారి మేం గట్టిగా వద్దన్నాం. భోగి మంట వేసేది చలికి. చలికి అందరూ ఒకచోట మూగుతారు. ఇక్కడ జనాన్ని ఒకచోట చేర్చేది పొద్దు వాలాక వచ్చే చల్లగాలి. అందుకని భోగి సాయంత్రానికి మార్చాం. ఆఫీసుల నుంచి వచ్చి, ఏడింటికి పార్కులో చేరాం. మంట లేదు, గాజు చిమ్నీలో ఒక్క దీపం. పిల్లలు సిమెంటు బాట మీద చాక్‌పీసులతో ముగ్గులు వేశారు.

భోగిపళ్ళకు రేగుపళ్ళేవి? పచ్చి పళ్ళు దేశంలోకి తేనివ్వరు, విమానాశ్రయంలో ఆ తనిఖీ చాలా కఠినం. కానీ ఈ కాలంలో ఇక్కడ చెర్రీలు విరగకాస్తాయి. చెర్రీలు, చెరుకు ముక్కలు, చిల్లర, మా పెరట్లో పూసిన బంతిపూల రేకులు కలిపి చిన్నదాని నెత్తిన పోశాం. తెల్ల గౌను నిండా ఎర్ర మరకలు. అది నవ్వుతూ ఒళ్ళోంచి చెర్రీలు ఏరుకు తింటూనే ఉంది. వీళ్ళకు పెద్దయ్యాక భోగి అంటే చెర్రీ వాసన గుర్తొస్తుంది. రావాలి కూడా, అది వాళ్ళ పండగ.

ఒకాయన అత్తగారు కరీంనగర్ నుంచి వచ్చి ఉన్నారు. గుడ్డ పరిచి, వేలి సందుల్లోంచి పిండి జార్చుకుంటూ సకినాలు చుట్టారు, చూసి తీరాలి ఆ చేతివాటం. "అన్నీ మంచిగనే ఉన్నయి బిడ్డా, చలి లేకుంటెనే పండుగ అనిపిస్తలేదు" అన్నారు. నేను కాదనలేదు. నాకూ అదే లోటు. పొద్దున్నే పొలం గట్టు మీద మంచు, నోట్లోంచి వచ్చే ఆవిరి, వీటికి బదులు ఇక్కడ ఏదీ దొరకదు, నేను వెతకడం లేదు.

పెద్దాడు ఒక ప్రశ్న వేశాడు. సంక్రాంతి నుంచి పగలు పెరుగుతుందని మా అమ్మ ఫోన్లో చెప్పింది. ఇక్కడ చూస్తే తగ్గుతోంది, నానమ్మ తప్పు చెప్పిందా అన్నాడు. గ్లోబు ముందు పెట్టుకుని కూర్చున్నాం. డిసెంబరు 21, 22 ప్రాంతంలో సూర్యుడు మకరరేఖ మీద ఉంటాడు, ఆ రేఖ ఆస్ట్రేలియా గుండానే పోతుంది. అప్పుడు మెల్‌బోర్న్‌లో పగలు పదిహేను గంటలకు కాస్త తక్కువ. అక్కణ్ణుంచి ఆయన ఉత్తరానికి మళ్ళుతాడు. మన పంచాంగం మకరరాశి ప్రవేశం లెక్కన జనవరి 14 అంటుంది. ఏ లెక్కనైనా వెళ్ళేది ఉత్తరానికే, అంటే ఇక్కడి నుంచి మీ వైపుకి. "అయితే మనం నానమ్మ దగ్గరకు పంపిస్తున్నామన్నమాట" అని వాడు తేల్చేశాడు. అదే రోజు అమ్మకు ఫోన్ చేసి చెప్పాడు, ఆవిడ ఊరంతా చెప్పుకుంటోంది.

అమ్మంటే గుర్తొచ్చింది. మోకాళ్ళు బాగానే ఉన్నాయి అంటుంది గానీ గొంతు వింటే నాకు నమ్మకం కలగడం లేదు. ఈ ఆదివారం చర్చి అయ్యాక ఒకసారి మా ఇంటికి వెళ్ళి, మెట్లు ఎలా ఎక్కుతోందో చూసి నాకు నిజం చెప్పు. అలాగే మీ అమ్మగారి దగ్గర గులాబీ పువ్వుల అచ్చు ఇంకోటి ఉంటే మార్చిలో వచ్చే మా బావమరిది చేతికి ఇవ్వు. ఇనపదే, చెక్క పిడిది వద్దు, విమానాశ్రయంలో ఆపుతారు. పిండి కొలతలు ఆవిడ చేతే చెప్పించి వాయిస్ మెసేజ్ పెట్టు.

వచ్చే డిసెంబరుకి మీరందరూ రావాలి, వీసా కాగితాలు నేను చూసుకుంటాను.

నీ
బావ