మంత్రి గారూ, మత్తడి కొలత మారలేదు

తెలంగాణ నీటిపారుదల శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను ములుగు జిల్లాలో మిర్చి, వరి వేసుకునే రిటైర్డ్ సైన్సు టీచర్ని. 2023 జులై 27 తెల్లవారుజామున మా ఊరి చెరువుకు గండి పడింది. చూడటానికి వచ్చిన అధికారి ఒకాయన గండి దాకా నడవనైనా లేదు. రోడ్డు మీదే నిలబడి "ఏం చేస్తం సార్, క్లైమేట్ చేంజ్" అని బండెక్కారు. మా నాయన చిన్నప్పుడు ఇదే కట్ట తెగితే వచ్చిన గిర్దావరు "దేవుడికి కోపమొచ్చింది" అన్నాడట. అప్పుడు దేవుడు, ఇప్పుడు క్లైమేట్. రెండుసార్లూ తట్టలు మోసింది మాత్రం ఊరోళ్లే.

ఆయన అన్నది తప్పని నేను అనను. ఏళ్ల తరబడి పిల్లలకు ఆ పాఠం చెప్పినవాణ్ణి. అయితే ఆ మాట అన్నాక చేయాల్సిన పని ఒకటుంటుంది. దాని గురించే ఈ ఉత్తరం.

ఆ ఉదయం ఎనిమిదిన్నరకు ముగిసిన 24 గంటల్లో మాకు దగ్గర్లోని వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో ఒక్కరోజు వానకు అదే రికార్డు. ఎకరాకు లెక్క కడితే 26 లక్షల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు 520కి పైగా తెచ్చి ఒక్క ఎకరంలో గుమ్మరించినట్టు! మా దొడ్లో నేను పెట్టుకున్న వానకొలత డబ్బాను ఆ రాత్రి రెండుసార్లు కొలిచి పారబోశాను. మూడోసారి లేచి టార్చి వేస్తే అంచుల మీంచి పొంగుతోంది. నా నోటుబుక్కులో ఆ తేదీకి అంకె లేదు, "పొంగింది" అని మాత్రం ఉంది.

ఇదొక్కటీ చూపించి కాలం మారిపోయిందని తేల్చేయొచ్చా? తేల్చకూడదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ఊడ్చేసింది. ఇప్పటంత పొగ, ఇప్పటంత వేడి అప్పుడు లేవు. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరింది, 2022 జులైలో 71.3 దాటలేదు. ఇంకో చిక్కూ ఉంది. మండల మండలానికీ ఆటోమేటిక్ యంత్రాలు వచ్చింది ఈమధ్యే. అంతకు ముందు ఏ గుట్ట పక్కన ఎంత కురిసిందో రాసిపెట్టినవాడు లేడు. కొలిచే చోట్లు పెరిగితే రికార్డులూ పెరుగుతాయి.

మరి గుర్తుపట్టేదెట్లా? మిర్చి రైతుకు అది తెలిసిన పనే. చేలో ఒక మొక్క ముడుచుకుంటే పీకి గట్టు మీద పడేస్తాం. గట్టు నుంచి గట్టు దాకా ముడుచుకుంటే తామర పురుగు వచ్చిందని ఒప్పుకుంటాం. లక్ష్మీదేవిపేట కంటే ముందున్న రికార్డు 2013 జులై 19న వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లు. అదీ మా జిల్లానే, అదీ జులైనే. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950 నుంచి 2015 నాటికి సుమారు మూడు రెట్లయ్యాయని వాతావరణ శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. కారణమూ కనబడుతూనే ఉంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ ఆవిరి మోయగలదు. సముద్రాలూ వేడెక్కుతున్నాయి. మోసిన నీళ్లు ఎక్కడో ఒకచోట దించక తప్పదు.

మా దిక్కు వానలు బాగా పడితే "కాలమైంది" అంటారు, పడకపోతే "కాలం కాలేదు" అంటారు. 2023కు ఆ రెండు మాటల్లో ఏది వాడాలో మా ఊళ్లో ఎవరికీ తోచలేదు. జులైలో గండి పడింది. తర్వాత వచ్చిన ఆగస్టు 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తానికి అతి తక్కువ వాన పడ్డ ఆగస్టు. ఆ ఏడు ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానలు తగ్గించేది) ఉంది, దాని పాలూ దాందే, కాదనను. కానీ ఇసుక మేట వేసిన పొలం పక్కనే పత్తికి బిందెలతో నీళ్లు పోసుకున్నాం, నెల తిరక్కుండానే.

ఇక అసలు సంగతికి వస్తాను. చెరువుకు ఎంత వరద వస్తుందో అంచనా వేయడానికి మన ఇంజనీర్లకు ఒక పాత సూత్రం ఉంది, నిజాం కాలపు ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు మీద. ఆయన గొప్పవాడు, ఏటా జులై 11న ఆయన జయంతికి మీరే దండ వేస్తారు. ఆ సూత్రంలో పరీవాహక ప్రాంతం విస్తీర్ణం ఉంటుంది, ఒక స్థిరాంకం ఉంటుంది. వాన ఎంత అన్న అంకె విడిగా ఉండదు. ఆయన కాలపు వాన ఆ స్థిరాంకంలోనే దాక్కుని ఉంది. వాన మారిందని ఒప్పుకుంటే ఆ అంకెనూ మళ్లీ చూసుకోవాలి కదా? క్లైమేట్ చేంజ్ అని రోడ్డు మీద అనేసి, ఆఫీసులో పాత అంకెతోనే ఎస్టిమేట్ వేస్తే ఆ మాటను వాళ్లే నమ్మనట్టు.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక తీశారు. మేలే జరిగింది. కానీ పూడిక తీస్తే చెరువు కడుపు పెరుగుతుంది, గొంతు పెరగదు. గొంతంటే నిండిన చెరువు నీళ్లు బయటికి పొంగిపోయే మత్తడి, అదే అలుగు. కట్ట తెగడమైతే వానతోనే, కానీ మత్తడి మూడో వంతు తుమ్మ చెట్లు, పూడిన మట్టే. వాటిని వాతావరణం నాటలేదు. గండి పూడ్చినప్పుడు మత్తడి ఇంకొంత వెడల్పు చేయమని అడిగాం. "శాంక్షన్ గండికే" అన్నారు.

2025 అక్టోబరు 29న మొంథా తుపాను వాన వరంగల్‌ను ముంచింది. ఆ రోజు మా మత్తడి మీంచి నడుము లోతున నీళ్లు పోయాయి. పిల్లలు రాత్రంతా కట్ట మీద ఇసుక బస్తాలు పేర్చబట్టి దక్కింది. పైన రెండు చెరువులు, కింద మూడు. గొలుసుకట్టులో ఒకటి తెగితే దాని నీళ్లు కింది చెరువు మీద పడతాయని మీకు చెప్పక్కర్లేదు. అందుకే మా ఒక్క చెరువు అని అడగడం లేదు. మండలంలో గొలుసు గొలుసుకు మత్తడి కొలిపించండి, ఈ పదేళ్ల యంత్రాల లెక్కతో సరిచూపించండి. పాత వాన రిజిస్టర్లు రెవెన్యూ ఆఫీసుల్లో ఎక్కడున్నా తెప్పించండి. నేను అడిగిన ఒకచోట చెద పట్టిన అట్ట మిగిలింది, లోపల కాగితాల్లేవు. మిగతా చోట్లయినా ఆ చెద పురుగు వెళ్లక ముందే మీవాళ్లు వెళ్లాలి.

మా మత్తడిని నేనే కొలిచాను. ఈ కొస నుంచి ఆ కొసకు 18 మీటర్లు, అందులో నీళ్లు పారేది 12. టేపు రెండో కొస నా మనవడు పట్టుకున్నాడు, కాబట్టి ఒక అడుగు అటూ ఇటూ ఉండొచ్చు. మీ ఇంజనీరు ఎప్పుడొస్తారో కబురు చేయండి, ఈసారి రెండో కొస నేను పట్టుకుంటాను.

ఇట్లు,
ఒక ఆయకట్టు రైతు,
ములుగు జిల్లా