పాండాలను అడిగే ముందు లంకమలను అడగండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి జూకు చైనా నుంచి పాండాల జంటను తెప్పిస్తే రాయలసీమకు పర్యాటకుల తాకిడి పెరుగుతుందని ఒక పాఠకుడు ఇటీవల మీ లేఖల శీర్షికలో సూచించారు. ఆయన ఉత్సాహాన్ని తప్పుపట్టను గానీ, ఆ జంతువును పోషించడమంటే ఏమిటో, అందువల్ల దాని జాతికి ఒరిగేదెంతో చూడకుండా ప్రభుత్వాన్ని అడగడం సబబు కాదని, చాలాకాలం జంతుశాస్త్రం బోధించినవాడిగా నాకు తోచింది.

పాండాలు ఇప్పుడు విదేశాలకు కానుకగా వెళ్లడం లేదు. 1972లో నిక్సన్ చైనా పర్యటన తరువాత వాషింగ్టన్ జూకు ఒక జంట ఊరికే వెళ్లిన మాట నిజమే. 1980ల నుంచి మాత్రం అద్దె పద్ధతి వచ్చింది. జంటకు ఏటా పది లక్షల డాలర్ల దాకా చెల్లించాలి; పరాయి దేశంలో పుట్టిన పిల్ల సైతం చైనా సొత్తే. ఫిన్లాండ్‌లోని ఒక జూ 2018లో పదిహేనేళ్ల ఒప్పందం మీద తెచ్చుకున్న జంటను, ఖర్చు మోయలేక 2024లోనే సాగనంపింది. అది చలిదేశం కాబట్టి వాతావరణం చిక్కైనా లేదు. ఎడారిలోని ఖతార్, 2022 ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీలకు ముందు పాండాలను రప్పించుకుని, చల్లని భవనం కట్టించి అందులో ఉంచింది. రోహిణి కార్తెలో మన ఎండలు ఎలా ఉంటాయో సీమవాసులకు నేను చెప్పనక్కరలేదు.

చూసేవారికి పాండా బొమ్మలా కనిపిస్తుంది గానీ, నిజానికి అది పొద్దంతా పొట్ట నింపుకునే పనిలోనే ఉంటుంది. మాంసాహారుల వంశానికి చెందిన దాని జీర్ణవ్యవస్థకు వెదురు సరిగా అరగదు. అందుకే రోజుకు 12 నుంచి 38 కిలోల దాకా తింటుంది. చతికిలబడి కూర్చుని, బొటనవేలిలా పనిచేసే మణికట్టు ఎముక సాయంతో గడను పట్టుకుని, పైపెచ్చును పళ్లతో ఒలిచి, లోపలి భాగాన్ని నమిలే ఆ తీరు చూడముచ్చటగానే ఉంటుంది. అయితే ఆడపాండా ఎదకు వచ్చేది ఏడాదికి ఒక్కసారి, అదీ ఒకటి నుంచి మూడు రోజులు మాత్రమే. ఎడిన్‌బరో జూలో 2011 నుంచి 2023 దాకా ఉన్న జంటకు కృత్రిమ గర్భధారణ ప్రయత్నాలు చేసినా ఒక్క పిల్లైనా దక్కలేదు.

పాండా జాతి తేరుకున్నది ప్రధానంగా దాని సొంత కొండల్లోనే. 1998లో చైనా సహజ అడవుల నరికివేతను ఆపడం, సిచువాన్, షాన్‌సీ, గాన్సు రాష్ట్రాల్లో రక్షిత ప్రాంతాలను విస్తరించడం ఫలించాయి. నాలుగో జాతీయ గణనలో అడవి పాండాలు 1,864 ఉన్నట్లు తేలింది; 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వాటి ముప్పు స్థాయిని ఒక మెట్టు తగ్గించింది. విదేశీ జూలు కట్టే అద్దెలో కొంత ఆ అడవులకు చేరుతుంది, కాదనను. కానీ ఆ కొండలను బాగుచేయడానికి మన జూ ఖజానా దాకా రానక్కరలేదు.

మన ఖజానా చూడవలసిన జీవి కడప పొదల్లోనే ఉంది. 1900 తరువాత అంతరించిందనుకున్న కలివికోడి అనే అరుదైన పిట్ట 1986లో రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడి చేతికి చిక్కింది. దానికోసమే లంకమల కొండల్లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది; దాని కారణంగానే తెలుగుగంగ కాలువ దారి మార్చవలసి వచ్చింది. రాత్రిపూట తిరిగే ఈ పిట్ట కంటపడటం ఎంత కష్టమంటే, పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లవారాక వాటిపై అడుగుల గుర్తులు వెతికేవారు. పొదలు మరీ చిక్కబడినా, పూర్తిగా నరికేసినా అది నిలవదు. అంటే కంచె వేసి వదిలేస్తే చాలదు. కట్టెలు కొట్టేవారితో, గొర్రెల కాపరులతో ఏళ్ల తరబడి మాట్లాడుతూ ఉండే మనుషులు కావాలి, వారికి నెలనెలా జీతాలు కావాలి. పాండాల అద్దెలో చిన్న భాగం దీనికి సరిపోతుందని నా అంచనా.

కాబట్టి లంకమలలో కలివికోడి కోసం ఎక్కడ, ఎప్పుడు వెతికారో, ఏం దొరికిందో, ఎంత ఖర్చయిందో అటవీశాఖ ఏటా తెలుగులో ప్రకటించాలని కోరుతున్నాను. దాన్ని మీ జిల్లా పేజీలో ప్రచురించవలసిందిగా మిమ్మల్ని అభ్యర్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
కడప