డైనమో మార్చే ముందు

పర్లాకిమిడి,
సెప్టెంబరు 9.

చిట్టితల్లీ,

ఈ ఉత్తరం నీకు సంచిలోనే దొరుకుతుంది. గుణుపూర్ మీదుగా రాయగడ వచ్చే బస్సు కండక్టరు చేతికిచ్చాను. నీ కారు జబ్బు వెతకడానికి సంచిలో మల్టీమీటరు, టెస్ట్ ల్యాంపు, రెండు చివర్లా క్లిప్పులున్న పొడుగు వైరు, ఫ్యూజుల డబ్బీ, టేపు చుట్ట ఉన్నాయి. అడుగున అమ్మ పెట్టిన చేగోడీలున్నాయి. బ్యాటరీ ముట్టుకున్న చేత్తో వాటి జోలికి వెళ్లకు.

నేనే వచ్చేవాణ్ణి. కానీ పదిహేడున విశ్వకర్మ పూజ. నీకు తెలిసిందే, పూజ దగ్గర పడేసరికి ఏడాదంతా హారను మోగకపోయినా పట్టించుకోనివాడు కూడా షాపు ముందు బండి ఆపుతాడు. అది అయ్యేదాకా నాకు చేయి ఖాళీ ఉండదు. ఫోన్లో చెబుదామంటే, ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో మీటరు పట్టుకుని నువ్వు చేసేదేమిటి? కాగితమైతే పక్కన పెట్టుకుని చూసుకుంటావు.

మీ మిస్త్రీ బ్యాటరీ మార్చాడు. అయినా సోమవారం పొద్దున బండి స్టార్టవలేదు. ఇప్పుడు డైనమో, అదే బండి నడుస్తున్నప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేది, పోయిందంటున్నాడు. అదీ మార్చాక తగ్గకపోతే సెల్ఫ్ మోటారంటాడు. అతన్ని తప్పుపట్టడం లేదు, వెతకడానికి గంట పడుతుంది, మార్చడానికి పది నిమిషాలు చాలు, పైగా వెతికినందుకు డబ్బులడిగితే ఎవరూ ఇవ్వరు. కానీ మనది 1997 నాటి మారుతీ 800, కార్బురేటర్ బండి. కంప్యూటర్ లేదు, సెన్సర్ల గోల లేదు. మీటరు పట్టుకోవడం వచ్చినవాళ్లెవరైనా ఓపిగ్గా చూస్తే దీని వైరింగులో దొరకని తప్పు ఉండదు. అందుకే డైనమోకి డబ్బు ఇవ్వొద్దన్నాను.

మొదట చేతి గాజులు, ఉంగరం తీసి లోపల పెట్టు. బంగారం కరెంటుకు మంచి దారి. గాజు ఒక పక్క బ్యాటరీ ప్లస్సుకి, ఇంకో పక్క బాడీకి తగిలిందంటే క్షణంలో ఎర్రగా కాలి చర్మానికి అంటుకుంటుంది. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖర. అలా చేస్తే ప్లస్ విప్పేటప్పుడు స్పానర్ బాడీకి తగిలినా ఏమీ కాదు.

డైనమో సంగతి తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. మీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ మీద 12.6 దాకా చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 11.8 కంటే తక్కువైతే ఖాళీ కిందే లెక్క. తర్వాత బండి స్టార్ట్ చేసి, కాస్త రేజ్ చేసి మళ్లీ చూడు. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో ఛార్జింగ్ ఇస్తోంది. ఆ అంకె మీ మిస్త్రీకి చూపించు, అతనే ఊరుకుంటాడు.

నా లెక్క ఏమిటంటే, ఛార్జింగ్ బాగానే ఉంది, బండి ఆగి ఉన్నప్పుడు ఎవరో కరెంటు తాగుతున్నారు. నువ్వే చెప్పావు కదా, రోజూ ఆఫీసుకు వెళ్లేటప్పుడు స్టార్టవుతుంది, శుక్రవారం సాయంత్రం పెట్టి సోమవారం తీస్తే కావడం లేదని. మన బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. నడుమ అరవై గంటలున్నాయి. 0.4 ఆంపియర్ చొప్పున పోతూ ఉంటే 24 ఆంపియర్ అవర్లు ఖాళీ. మిగిలిన దానితో డాష్‌బోర్డు లైట్లు వెలుగుతాయి గానీ సెల్ఫ్ తిరగదు, టకటకమంటుంది. పెద్ద లీకేజీ అయితే ఒక్క రాత్రిలోనే పడిపోయేది. కాబట్టి అర ఆంపియర్‌కి అటూ ఇటూగా పోతోందనుకో. 5 వాట్ల చిన్న బల్బు ఒకటి ఎక్కడో వెలుగుతూ ఉంటే సరిగ్గా అంతే తాగుతుంది. అందుకని మీటరు తీసే ముందే ఒక రాత్రి లైట్లన్నీ ఆర్పి, డోర్లు వేసి, చీకట్లో బండి చుట్టూ తిరిగి చూడు. టాపు లైటు డోరు స్విచ్చు ఇరుక్కుపోయి వెలుగుతూ ఉండొచ్చు. బ్రేకు పెడలు పూర్తిగా పైకి రాక వెనక లైటు మసగ్గా వెలుగుతూ ఉండొచ్చు.

ఏదీ వెలగకపోతే అప్పుడు మీటరు. ఇది జాగ్రత్తగా చదువు. బండి ఆపి, తాళం చెవి జేబులో వేసుకో. బ్యాటరీ మైనస్ వైరు విప్పు. మీటరును డీసీ 10 ఆంపియర్ల మీదకి తిప్పి, ఎర్ర వైరును 10 ఆంపియర్ల కన్నంలోకి మార్చు, నల్లది ఉన్నచోటే ఉండనీ. ఎర్ర ప్రోబు విప్పిన వైరుకి, నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్ దిమ్మకి. ఇప్పుడు బండి తాగే కరెంటంతా మీటరు గుండా పోతుంది. అలా ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకు, సెల్ఫ్ వంద ఆంపియర్లకు పైనే లాగుతుంది, మీటరు లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది. స్టీరియో మెమరీకి, గడియారానికి, సెంట్రల్ లాకుకి కలిపి 50 మిల్లీ ఆంపియర్ల లోపు పోతే పర్వాలేదు, అంటే మీటరు మీద 0.05. నీకు 0.40 లాంటిది కనిపిస్తుందని నా నమ్మకం.

ఇక డాష్‌బోర్డు కింద ఫ్యూజులు ఒక్కొక్కటే పీకు. ఒకటి పీకి, మీటరు చూసి, దాన్ని మళ్లీ దాని చోటే పెట్టి, తర్వాతది పీకు. అన్నీ ఒకేసారి పీకి కుప్ప పోస్తే ఏది ఎక్కడిదో తెలియక ఏడుస్తావు. ఏ ఫ్యూజు పీకితే అంకె పడిపోయిందో దొంగ ఆ లైన్లో ఉన్నాడు. ఏది పీకినా అంకె కదలకపోతే ఫ్యూజు లేని లైన్లు చూడాలి, వాటిలో మొదటిది డైనమో మీది లావు వైరు. డైనమో లోపల కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడు పోతే బండి ఆగినా కరెంటు వెనక్కి కారుతుంది, ఛార్జింగ్ అంకె మాత్రం మంచిగానే చూపించొచ్చు. ఛార్జింగ్ అంకె సరిగ్గా ఉన్నాక మీ మిస్త్రీ మాట నిజమయ్యే దారి అదొక్కటే. మైనస్ విప్పి, ఆ లావు వైరు తీసి, చివరకు టేపు చుట్టి, మళ్లీ మీటరు పెట్టు. అంకె పడిపోతే డైనమో విప్పమను, అప్పుడు డబ్బు నేనే పంపుతాను.

పని అయ్యాక ఎర్ర వైరును మీటరులో మళ్లీ వోల్టుల కన్నంలోకి మార్చి, మీటరును డీసీ 20 వోల్టుల మీదకి తిప్పు. ఆంపియర్ల కన్నంలో ఉంచేసి బ్యాటరీ మీద వోల్టులు చూడబోయావా, నువ్వే షార్ట్ చేసినట్టు.

నా అనుమానం స్టీరియో మీద. పాత బండిలో కంపెనీ వేసిన వైరింగు అంత తేలిగ్గా చెడదు, ఎక్కువగా మధ్యలో మనుషులు కలిపిందే చెడుతుంది. అన్నయ్య పెళ్లికి ముందు స్టీరియో, సెంట్రల్ లాకు వేయించాం గుర్తుందా? ఆ పని చేసినవాడు మంచి వైరును మధ్యలో గీకి, దాని చుట్టూ కొత్త వైరు మెలిపెట్టి, మీద టేపు చుట్టేసి పోయే రకం. ఎండకు ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది. స్టీరియో బయటికి లాగి వెనక కట్ట చూడు, ఇగ్నిషన్‌తో పాటే ఆరిపోవాల్సిన వైరును ఎప్పుడూ కరెంటుండే మెమరీ లైనుకి కలిపేసి ఉంటే యాంప్లిఫయర్ రాత్రింబవళ్లు మేలుకునే ఉంటుంది.

నువ్వు ఫోన్లో నవ్వుతూ చెప్పిన రెండోది, బ్రేకు తొక్కి ఎడమ ఇండికేటరు వేస్తే వెనక లైట్లన్నీ కలిసి మినుకుమంటున్నాయన్నది, నిజానికి సులువైన తప్పు. అది ఎర్త్. బల్బుకి కరెంటు వస్తే చాలదు, తిరిగి బ్యాటరీకి పోవాలి. ఎడమ వెనక లైటు నల్ల వైరు బాడీకి బిగించినచోట తుప్పు పట్టిందనుకో, బ్రేకు బల్బు కరెంటుకి బయటికి దారి ఉండదు. అప్పుడది పక్క బల్బు ఫిలమెంటులోంచి దూరి, అక్కడి నుంచి కుడి పక్క లైటు ఎర్త్ వెతుక్కుంటుంది. దాంతో వెలగకూడనిది వెలుగుతుంది, వెలగాల్సింది మసకబారుతుంది. ఇలాంటి బండి వస్తే చాలామంది బల్బులు, ఇండికేటరును మినుకుమనిపించే ఫ్లాషర్ అన్నీ మారుస్తారు. ఒక ఎర్త్ బోల్టు విప్పి గీకితే పోయే దానికి!

అది ఖాయం చేసుకోవడం ఇలా. పొడుగు వైరు ఒక చివర బ్యాటరీ మైనస్‌కి, ఇంకో చివర మీటరు నల్ల ప్రోబుకి తగిలించి వెనక్కి తీసుకురా. ఎవరినైనా బ్రేకు తొక్కమను. ఎర్ర ప్రోబు బల్బు హోల్డరు ఎర్త్ మీద పెట్టు. 0.2 వోల్టుల లోపు ఉంటే బాగున్నట్టు. ఒకటి, రెండు వోల్టులు కనిపిస్తే ఆ బోల్టు దగ్గరే తేడా. లైటు ఆర్పి చూస్తే ఏ ఎర్త్ అయినా మంచిదే అంటుంది మీటరు, కరెంటు పారుతున్నప్పుడే దాని రంగు బయటపడుతుంది. బోల్టు విప్పి, వైరు చివరనున్న లోహపు థింబులుని, బాడీ మీద బోల్టు పడే చోటుని ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్దు, బిగించి పైన వాసలిన్ పూయి.

అక్కడ ఎందుకు తుప్పు పట్టిందో కూడా చెబుతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మన వీధిలోకి నీళ్లొచ్చినప్పుడు బండి ఒక రాత్రంతా సీట్ల అంచుదాకా నీళ్లలో ఉంది. సీట్లు, కార్పెట్ ఎండబెట్టాం. కానీ వెనక్కి పోయే వైరింగు కార్పెట్ కిందే ఉంది, వైర్లను కలిపే కప్లర్లలోకి చేరిన నీరు అంత త్వరగా ఎండదు. రాగి పోగులు ప్లాస్టిక్ తొడుగు లోపలే నల్లబడుతూ వెళ్తాయి, పైకి వైరు కొత్తదానిలా ఉంటుంది. కాబట్టి ఎర్త్ గీకినా వోల్టు తగ్గకపోతే కార్పెట్ ఎత్తి, కప్లరు విప్పి చూడు. పిన్నుల మీద పచ్చటి పొడి ఉంటే అదే. వైరు వంచితే మెత్తగా వంగకుండా కరకరలాడితే కోసేయ్, మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోస్తూ పో. నల్ల రాగికి టంకం పట్టదు, పట్టినట్టు కనిపించినా ఆరు నెలల్లో ఊడొస్తుంది.

ఇక ఫ్యూజు పదే పదే ఎగిరే జబ్బు నీ బండికి ఇప్పటికైతే లేదు, కానీ తెలుసుకుని ఉండు. పోయిన వానాకాలం ఆర్. ఉదయగిరి నుంచి ఒక జీపు వచ్చింది. ఊళ్లో బాగానే తిరుగుతుంది, ఘాటీ ఎక్కేటప్పుడు గుంతలో పడగానే వెనక లైట్ల ఫ్యూజు ఎగిరిపోతుంది. అప్పటికే ఎవరో విసిగిపోయి ఫ్యూజు బదులు సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టి పెట్టారు. అలాంటిది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఫ్యూజు ఎగరకపోతే కాలేది వైరు, ఆ పైన బండి. ఫ్యూజు తీసి, ఆ రెండు పిన్నులకి 21 వాట్ల బల్బు కలిపాను. షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, కరెంటు మాత్రం బల్బు మోసేదానికి మించి పారదు, కాబట్టి ఎంతసేపైనా వెతుక్కోవచ్చు. లైన్లోని వెనక బల్బులన్నీ పీకేసి, కుర్రాణ్ణి బండి కింద పడుకోబెట్టి, వైరింగు కట్టను ముందు నుంచి వెనక్కి జానెడు జానెడు చొప్పున కదపమన్నాను. పెట్రోలు ట్యాంకు బ్రాకెట్ దగ్గరికి రాగానే నా చేతిలో బల్బు భగ్గుమంది, వదిలేస్తే ఆరిపోయింది. ఇనప అంచు తొడుగును బియ్యపుగింజంత మేర కోసేసింది. అదీ ట్యాంకు పక్కన! వెండి కాగితంతో ఇంకో వానాకాలం తిరిగి ఉంటే ఏమయ్యేదో.

నీ డబ్బీలో ఎర్రవి 10, నీలంవి 15, పసుపువి 20, ఆకుపచ్చవి 30 ఆంపియర్లవి. ఏ రంగు పోతే ఆ రంగే పెట్టు. లేకపోతే తక్కువది పెట్టు, ఎక్కువది మాత్రం వద్దు.

హెడ్‌లైట్లు పసుపుగా వెలుగుతున్నాయన్నావు కదా, పెద్ద బల్బులు కొనకు, ఆ వాట్లకు మన స్విచ్చు కాలిపోతుంది. బండి రేజ్‌లో ఉంచి, బ్యాటరీ మీద ఒకసారి, బల్బు పిన్నుల మధ్య ఒకసారి వోల్టులు చూడు. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పోతుంది. తేడా ఒక వోల్టు దాటితే పూజ అయ్యాక నేనొచ్చి రెండు రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు, వేస్తాను, బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకి లావు వైరు లాగుదాం. అందాకా రాత్రిపూట ఘాటీ రోడ్డెక్కకు.

మీ ఇంటాయన ధాన్యం బస్తాలు పెట్టే షెడ్డు పక్కనే బండి పెడుతున్నావట, అక్కణ్ణుంచి తీసెయ్. ఎలుకలకు ధాన్యం తర్వాత ఇష్టమైంది వైర్లే.

మొదట ఆదివారం పొద్దున తీరిగ్గా కూర్చుని కరెంటు తాగేది పట్టుకో, తర్వాత ఎర్త్. రెండూ ఒకేరోజు పెట్టుకోకు. అంకెలన్నీ ఈ కాగితం వెనక వరసగా రాయి: ఆగినప్పుడు వోల్టులు, రేజ్‌లో వోల్టులు, ఎన్ని ఆంపియర్లు, ఏ ఫ్యూజు పీకితే ఎంతకు పడింది. ఫొటో తీసి పంపు. అంకెల్లేకుండా "నాన్నా, ఇంకా స్టార్టవలేదు" అని ఫోన్ చేశావంటే అమ్మకిచ్చేస్తాను.

మీ నాన్న